చెయ్యి ఆడకపోవడం వేరు, మనసు బాగోకపోవడం వేరు: నెల్లూరు డిజైనర్ ఉత్తరానికి జవాబు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక ప్రింటింగ్ షాపులో ఏడేళ్లుగా డిజైనర్‌ని. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కాలేజీ బ్రోచర్లు చేస్తాను. ఒకప్పుడు "ఆ అమ్మాయితోనే చేయించండి" అని అడిగి మరీ వచ్చేవాళ్లు. రెండు నెలల నుంచి కంప్యూటర్ ముందర కూర్చుంటే చెయ్యి ఆడటం లా. పాత ఫైలు తెరిచి పేర్లు మార్చి ఇచ్చేస్తున్నా. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో ఎవరెవరివో డిజైన్లు చూసి నేనెందుకూ పనికిరాననుకుంటా. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. అన్నం సయించడం లేదు. అమ్మ దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది. ఇన్‌స్పిరేషన్ వచ్చేదాకా ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండేదా? నాలో ఆర్ట్ అయిపోయినట్టేనా? పిన్ని కూతురి పెళ్లి కార్డు నేనే చేస్తానని మాటిచ్చాను, అదింకా మొదలే పెట్టలా. ఒక్కోసారి పడుకున్నదాన్ని పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది, అది వేరే సంగతిలెండి.
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: ఆ చివరి మాట వేరే సంగతి కాదమ్మా. మీ ఉత్తరంలో ముందు జవాబు చెప్పాల్సింది దానికే. డిజైన్ గురించి చెప్పాల్సింది చాలా ఉంది, అది తర్వాత.

"పొద్దున లేవకపోతే బాగుండు" అనిపించినందుకు మీరు పిరికివారేమీ కారు. జ్వరంలో ఒళ్లు నొప్పులు వచ్చినట్టు, దిగులు జబ్బులో ఇలాంటి ఆలోచనలు వస్తాయి. అయితే లోపల దాచుకునే కొద్దీ అవి బలపడతాయి. ఈరోజే ఇంట్లో ఒకరికి ఉన్నదున్నట్టు చెప్పండి. అమ్మ కంగారుపడుతుందనుకుంటే అక్కకో వదినకో, చిన్నప్పటి స్నేహితురాలికో చెప్పండి. "పనిలో టెన్షన్‌గా ఉంది" అని చుట్టుతిప్పి కాదు, మాకు రాసిన ఆ వాక్యాన్నే చెప్పండి. దానితోపాటు 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన ఎప్పుడైనా "ఎలా, ఎప్పుడు" అనే దాకా పోతే మాత్రం ఆ పూట ఒంటరిగా ఉండొద్దు. తోడు తీసుకుని నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇక మీరు రాసిన మిగతా లక్షణాలు. డాక్టర్లు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం వాడతారు. గడిచిన రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర చెడటం, నీరసం, ఆకలి మారడం, నేనెందుకూ పనికిరాననే భావన, ధ్యాస నిలవకపోవడం, కదలికలు మందగించడం లేదా కాలు నిలవకపోవడం, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన. ఇవి అసలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగానికి మించి రోజుల్లో ఉంటే 2, దాదాపు రోజూ ఉంటే 3 వేసుకోవాలి. మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించుకోవాల్సిందే. తొమ్మిదో ప్రశ్నకు 0 కాకుండా ఇంకేది వచ్చినా, మొత్తం ఎంతన్న లెక్కతో పనిలేదు, వెళ్లాల్సిందే. ఆ కాగితం మీరు నింపలేదు, కానీ మీ ఉత్తరంలోనే నిద్ర, ఆకలి, పనికిరానన్న మాట, చివరి మాట, నాలుగూ ఉన్నాయి. పైగా రెండు నెలలుగా ఉన్నాయి. కాబట్టి "ఇంకో నెల చూద్దాం" అనొద్దు. ఈ వారమే వెళ్లండి.

దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పొద్దున ఓపీ వేళకు వెళ్లండి. ప్రైవేటు సైకియాట్రిస్టు అయినా సరే. లోపలికి వెళ్లాక "ఇన్‌స్పిరేషన్ రావడం లేదు సార్" అని మొదలుపెడితే సగం సంగతి డాక్టరుకు అందదు. ఎన్నాళ్ల నుంచి, రాత్రి ఎన్ని గంటల నిద్ర, ఎన్నింటికి మెలకువ, బరువు తగ్గారా, చివరి మాట ఏమిటి, ఈ ఐదూ చీటీ మీద రాసుకుని వెళ్లండి. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా, బీ12 తగ్గినా ఇలాంటి నీరసమూ దిగులూ వస్తాయి. అందుకే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12 పరీక్షల గురించి అడగండి. ఆడవాళ్లలో థైరాయిడ్ సమస్య ఎక్కువ. నెలసరిలో తేడా ఉంటే అదీ చెప్పండి.

మాత్రలు రాస్తే వాటి నడక ముందే తెలుసుకోవడం మంచిది. సాధారణంగా ఇచ్చే మందులు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, కాస్త గాభరా ఉండొచ్చు. చాలామంది సరిగ్గా ఆ వారంలోనే "ఇవి పడలేదు" అని మానేస్తారు, మందు పని మొదలుపెట్టక ముందే. ఇంకొందరు రెండో నెలలో బాగుందనిపించగానే ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. బాగయ్యాక కూడా మామూలుగా ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వాడమంటారు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

బొమ్మలు వేసేవాళ్లకు, రాసేవాళ్లకు ఒక భయం ఉంటుంది: మాత్రలు వేసుకుంటే ఊహ మొద్దుబారిపోతుందేమోనని. రెండు నెలలుగా పాత ఫైళ్లలో పేర్లు మారుస్తున్నారంటే మీ ఊహను మొద్దుబార్చింది ఇప్పటికే జబ్బు. కొందరికి కొన్ని మందులతో ఏ భావమూ గట్టిగా తాకనట్టు ఉండటం నిజమే. అలా అయితే మోతాదు మారుస్తారు, లేదా మందు మారుస్తారు. నోరు తెరిచి చెప్పాలి, అంతే.

ఇంకొక్క మాట, మీ వృత్తిలో ఉన్నవాళ్లు తప్పకుండా డాక్టరుకు చెప్పాల్సింది. ఎప్పుడైనా వరుసగా నాలుగైదు రోజులు రెండు మూడు గంటలే నిద్రపోయి కూడా అలసట లేకుండా, ఆలోచనలు వరదలా వచ్చి, మాటలు వేగమై, చేతిలో ఉన్న డబ్బంతా ఖర్చు పెట్టేసిన కాలం ఉందా? దాన్ని చాలామంది "అప్పట్లో నాకు ఇన్‌స్పిరేషన్ పీక్‌లో ఉండేది" అని ముచ్చటగా తలచుకుంటారు. అది కూడా ఒక జబ్బు లక్షణం కావచ్చు. అలాంటి వాళ్లకు మామూలు దిగులు మాత్ర ఒక్కటే ఇస్తే బెడిసికొట్టొచ్చు. అందుకని అడగకపోయినా చెప్పండి.

ఉద్యోగం మానేయాలా అన్నదానికి మా సమాధానం: ఇప్పుడు వద్దు. మనసు కుంగి ఉన్నప్పుడు రోజుకొక ఆకారం ఇచ్చేది పనే. ఫలానా టైముకు లేవడం, జడ వేసుకోవడం, ఆటో ఎక్కడం, నలుగురితో "టీ తాగారా" అనడం. అవన్నీ ఒక్కసారి పోతే మంచం మిగులుతుంది, ఫోను మిగులుతుంది. షాపు నచ్చకపోతే మానేయొచ్చు, కానీ ఆ నిర్ణయం నిద్రా ఆకలీ తిరిగొచ్చి రెండు నెలలయ్యాక తీసుకోండి. కావాలంటే డాక్టరు చీటీతో వారం పది రోజులు సెలవు పెట్టండి. సెలవుకు చివరి తేదీ ఉంటుంది, రాజీనామాకు ఉండదు.

ఇక అసలు ప్రశ్న, ఆర్ట్ అయిపోయిందా అని. లేదు. మీరు మూడు వేరువేరు సంగతులను ఒకే ముడి వేసి దానికి ఇన్‌స్పిరేషన్ అని పేరు పెట్టారు. ఒకటి జబ్బు, దాని సంగతి పైన చెప్పాం. రెండోది పని మొదలుపెట్టే పద్ధతి చెడిపోవడం. మూడోది లోపలికి కొత్త సరుకు రాకపోవడం. చివరి రెండూ మీ చేతిలో ఉన్నవే. వైద్యం నడుస్తుండగానే మెల్లమెల్లగా సరిచేసుకోవచ్చు.

ఏది ఎంతుందో తేలాలంటే ఒక చిన్న నోటుబుక్కు చాలు. రెండు వారాలు, రోజుకు నాలుగు సార్లకు మించి రాయక్కర్లేదు. టైము, చేయబోయే పని, మొదలుపెట్టే ముందు మనసు పదికి ఎంత, ఇరవై నిమిషాలయ్యాక ఎంత. "11 గంటలు, బ్రోచర్, 3, 5." "1.30, అన్నం, చెల్లితో కబుర్లు, 3, 3." రెండు వారాలయ్యాక కుడి చేతి గడి చూడండి. పని మొదలుపెట్టాక అంకె పెరుగుతుంటే మీకు అడ్డం గడప దగ్గరే, లోపల కాదు. ఇష్టమైన పాట విన్నా, ఇష్టమైన చేపల పులుసు తిన్నా, ఏం చేసినా 3 దగ్గరే నిలిచిపోతుంటే అది జబ్బు బరువు. ఆ పేజీలు డాక్టరుకు చూపించండి, మాటల కన్నా బాగా చెబుతాయి. ముందు మూడ్ రావాలి, తర్వాత పని అని మనం అనుకుంటాం గానీ, దిగులు వైద్యంలో ఒక పద్ధతి మొత్తం దీన్ని తిరగేసి నడుస్తుంది. చిన్న పని ముందు, మూడ్ దాని వెనకాల.

గడప దగ్గర ఏం జరుగుతోందో మీరే రాశారు: పాత ఫైలు తెరిచి, "సేవ్ యాజ్" కొట్టి, పేర్లు మార్చడం. తొందరలో ఉన్న రోజు తప్పు లేదు. రోజూ అదే అయితే కంటి ముందు ఎప్పుడూ పూర్తయిన డిజైనే ఉంటుంది, చెయ్యి దాన్ని కదిలించడానికి భయపడుతుంది. కాబట్టి మొదటి ఇరవై నిమిషాలు కోరల్‌డ్రా గానీ ఫోటోషాప్ గానీ తెరవొద్దు. ఒక ఏ4 కాగితాన్ని నాలుగుసార్లు మడిచి విప్పండి. పదహారు గళ్లు వస్తాయి. ఒక్కో గడి ఒక కార్డు. పెన్సిల్ కాదు, రబ్బరు చేతికి వస్తుంది. బాల్ పెన్ను తీసుకోండి. గడికి ఒక నిమిషం. అక్షరాలు రాయొద్దు. వధూవరుల పేర్లకు రెండు మందమైన గీతలు, ముహూర్తానికి ఒక గీత, వేదికకు ఒక డబ్బా, బొమ్మకు ఒక గుండ్రం. గడి గడికీ ఒక్కటే మార్చండి: ఒకదాంట్లో పేర్లు పైన, ఒకదాంట్లో మధ్యన, ఒకదాంట్లో కిందికి దించి పైనంతా ఖాళీ. ఒకదాంట్లో వినాయకుడు మూలన వేలెడంత, ఇంకోదాంట్లో అసలు లేకుండా.

మొదటి ఐదారు గళ్లు మీరు ఇదివరకే వెయ్యిసార్లు చేసినవే వస్తాయి. అక్కడే "చూశావా, నా దగ్గరేం లేదు" అని మనసు అంటుంది. అది మామూలే. పైపైన ఉన్నవి ముందు బయటికి వస్తాయి, అవి పోతేగానీ వెనకవి రావు. ఎనిమిదో తొమ్మిదో గడి దాటాక వింతగా ఒకటో రెండో పడతాయి. బాగున్నాయా లేదా అని అప్పుడే తీర్పు చెప్పొద్దు. పదహారూ నిండాక లేచి వెళ్లి టీ తాగి రండి. వచ్చాక రెండింటికి టిక్కు పెట్టండి. ఒకటి కస్టమరుకు నచ్చేది, ఇంకొకటి మీకు నచ్చేది. బ్రిటన్‌కు చెందిన గ్రాహం వాలస్ 1926లోనే చెప్పాడు, సృజన నాలుగు మెట్లలో నడుస్తుందని: సరంజామా సిద్ధం చేసుకోవడం, పక్కన పెట్టి నాననివ్వడం, తట్టడం, సరిచూసుకోవడం. అందరూ మూడో మెట్టు కోసమే ఎదురుచూస్తారు. మొదటి రెండూ చేయకుండా అది రాదు.

తర్వాత కంప్యూటర్. అక్కడ కూడా రంగు చివరికి. ముందు మ్యాటరంతా నలుపు తెలుపులో పేర్చండి. నలుపులో నిలబడని కార్డును బంగారం రంగు నిలబెట్టలేదు. తెలుగుకు వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు కన్నా ఎక్కువ కావాలి: 12 పాయింట్ల అక్షరానికి 18 నుంచి 20. తగ్గిస్తే పై వరుసలో "లక్ష్మి" వత్తులు కింది వరుసలో "శ్రీ" గుడిదీర్ఘానికి తగులుకుంటాయి. ఎవరూ దాన్ని వేలుపెట్టి చూపించరు గానీ, కార్డు ఇరుకుగా, చౌకగా కనబడటానికి సగం కారణం అదే. మెరూన్ మీద తెల్ల అక్షరాలు పెడితే 9 పాయింట్లకు దిగొద్దు, సిరా పాకి వత్తులు పూడుకుపోతాయి. బంగారు ఫాయిల్ గీత అర పాయింటు కన్నా సన్నమైతే తెగిపోతుంది. కోసేటప్పుడు తెల్ల అంచు రాకుండా రంగును చుట్టూ 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించండి, దాన్నే బ్లీడ్ అంటారు. ముహూర్తం, వేదికలాంటి మాటలేవీ అంచుకు 6 మిల్లీమీటర్ల లోపు పోనివ్వొద్దు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే ఏడేళ్లు గడిపి ఉంటే ఒక మార్పు చూడండి. మండలి, రామభద్ర, పొన్నాల లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పాత ఫోటోషాప్‌లో వాటి వత్తులు విడిపోతే ఫాంటు తప్పు కాదు, పేరాగ్రాఫ్ అమరికలో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోలేదన్నమాట.

శివకాశి నుంచి వచ్చిన రెడీమేడ్ కార్డు మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసే పనైతే మీ చేతిలో ఉన్నది లోపలి మ్యాటరు ఒక్కటే. అక్కడ గొప్ప ఆలోచన రాలేదని బాధపడొద్దు. చోటే లేదు. వరుసలు చక్కగా విరగ్గొట్టి, పేర్లు పెద్దవి చేసి, తప్పుల్లేకుండా ఇస్తే ఆ పని బాగా చేసినట్టే. "సౌభాగ్యవతి" ఒక వరుసలో, అమ్మాయి పేరు ఇంకో వరుసలో పడకుండా చూడటం కూడా డిజైనే. ఫ్లెక్సీకి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది: ప్రతి పది అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తు. ట్రంకు రోడ్డు మీద బండిపై పోయేవాడు అరవై అడుగుల నుంచి చదవాలంటే ఆరంగుళాలు. పది అడుగుల ఫ్లెక్సీలో ముప్పై మొహాలు పెట్టాలని నాయకుడి మనుషులు పట్టుబడితే ఆ లెక్క చెప్పి చూడండి. వినకపోతే పెట్టేయండి, ఆ భారం మీది కాదు.

మూడోది, సరుకు. పెన్న ఇసుకలో చెలమ తీసినవాళ్లకు తెలుసు. గుంట తవ్వగానే బిందె ముంచితే బురదే వస్తుంది. కాసేపు ఆగితే పక్కల నుంచి నీరు ఊరి తేటపడుతుంది. అయితే ఊరడానికి ఇసుక కింద తడి ఉండాలి. మీరు ఏడేళ్లుగా తోడుతున్నారు, పోస్తున్నది మాత్రం రాత్రిపూట ఫోన్లో చూసే బొమ్మలు. ఆ బొమ్మల వెనక ఎంత టైమిచ్చారో, ఎంత డబ్బిచ్చారో, ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయో తెర మీద కనబడదు. మీ ఖాతాలో అన్నీ కనబడతాయి, పక్కవాళ్ల ఖాతాలో గెలిచింది ఒక్కటే. అదీ అర్ధరాత్రి, ఒంట్లో ఓపిక అడుగంటిన వేళ. పూర్తిగా మానమనడం లేదు. పగలు, పదహారు గళ్లు నింపిన తర్వాత పదిహేను నిమిషాలు చూడండి. చూసినదాంట్లో నచ్చినది ఒకటి సేవ్ చేసి, ఎందుకు నచ్చిందో ఒక వాక్యం రాయండి. "పేరు ఎడమకు జరిగి కుడివైపు ఊపిరాడింది", ఇలా. వాక్యం రాయలేకపోతే సేవ్ చేయొద్దు.

అసలు సరుకు ఊళ్లో ఉంది. వారానికి ఒక్క గంట, ఎండ ముదరకముందు, ఒక్క వస్తువు. అంతకు మించి పెట్టుకోవద్దు, ఇప్పుడు మీకు ఓపిక తక్కువ. ఒక వారం రంగనాయకులపేట వెళ్లి రంగనాథస్వామి గుడి గాలిగోపురం ఎదుట కూర్చోండి. ఫోటో తీయొద్దు. ఒక్కో అంతస్తు కిందిదానికన్నా ఎంత తగ్గిందో కంటితో కొలిచి గీత గీయండి. పెద్దదాని నుంచి చిన్నదానికి కన్ను తొట్రుపడకుండా ఎలా ఎక్కుతుందో చూడండి. కార్డులో పేరు, ముహూర్తం, వేదిక, విందు, ఈ నాలుగింటి సైజులు నిర్ణయించేటప్పుడు మీకు కావాల్సింది అదే.

ఇంకో వారం అమ్మ బీరువాలో వెంకటగిరి చీర ఉంటే బయటికి తీసి దాని అంచు చూడండి. పిల్లల లెక్కల గళ్ల నోటుబుక్కులో పదహారు గళ్లు అడ్డం, పదహారు నిలువు గీసుకుని, అంచులోని ఒకే ఒక్క హంసనో మామిడి పిందెనో గడి గడిగా నింపండి. నేతలో వంపు ఉండదు, మెట్లే ఉంటాయి. మగ్గం మీద నిలువు పోగు, అడ్డం పోగు తప్ప మూడో దారి లేదు. హంస మెడ దగ్గర ఒక గడి ఎక్కువ నింపితే బాతు అవుతుంది. తక్కువైతే మెడ తెగుతుంది. ఆ ఒక్క గడి కోసం నాలుగుసార్లు గీయాల్సి వస్తుంది, గీయండి. ఆ గంట అయ్యేసరికి ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకని, మీ సొంత బొమ్మ ఒకటి చేతిలో ఉంటుంది. గళ్ల మీద పుట్టింది కాబట్టి స్క్రీన్ ప్రింటింగులోనూ చెడదు.

రంగు గురించైతే మన పక్కన ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయిని మించిన పాఠం లేదు. బ్లాక్ గెలాక్సీ అని లోకమంతా కొనుక్కుపోయే గ్రానైటు అది. ఏ గ్రానైటు షాపులోనైనా పాలిష్ పట్టిన ముక్క ఉంటుంది, దగ్గరగా చూడండి. నల్లటి నలుపు, అందులో అక్కడక్కడ బ్రాంజైట్ అనే ఖనిజం చుక్కలు బంగారంలా మెరుస్తుంటాయి. మెరిసేది ఎంత కొంచెమో, నలుపు ఎంత ఎక్కువో గమనించండి. చాలా శుభలేఖల్లో బంగారం మెరవకపోవడానికి కారణం అది తక్కువ కావడం కాదు, సగం కార్డు దానితోనే నింపేయడం. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు వెళ్లే ఓపిక ఉంటే స్వర్ణాల చెరువు దగ్గర ఇంకో సంగతి చూడొచ్చు. కోరిక తీరినవాళ్లు అదే కోరిక ఉన్నవాళ్లకు అక్కడ రొట్టె ఇస్తారు. అంత జనంలో "ఉద్యోగం రొట్టె", "పెళ్లి రొట్టె" అని రెండే మాటలతో ఎవరికి కావాల్సిన మనిషి వారికి దొరికిపోతాడు. ఫ్లెక్సీ మీద ఎన్ని మాటలుండాలో తెలుస్తుంది.

పనిచేసే రోజును కాస్త మార్చమని ఓనర్‌ను అడగండి. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. అడగాల్సింది ఇది: "పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా కొత్త డిజైన్లే చేస్తాను, కరెక్షన్లు మధ్యాహ్నం మూడు తర్వాత చేస్తాను, నెల రోజులు చూద్దాం సార్." కొత్త పని మధ్యలో వాట్సాప్‌లో "మేడమ్, మామయ్య పేరు ముందు శ్రీ పెట్టండి" అని ఒకటి వస్తే, పట్టే రెండు నిమిషాలు కాదు నష్టం, తెగిన ధ్యాస మళ్లీ అతుక్కోవడానికి పట్టే సేపు. మ్యాటరు నోటితో తీసుకోవద్దు, కస్టమరు చేతే కాగితం మీద రాయించుకోండి. ప్రూఫ్ మీద సంతకం చేయించండి. కరెక్షన్లు రెండు సార్లకు మించితే అదనపు డబ్బులని గోడకు రాసి పెట్టమనండి. దిగులులో ధ్యాస నిలవదు, తప్పులు పడతాయి. ముహూర్తం టైము, తేదీకి తగ్గ వారం, ఇంటిపేరు, ఫోన్ నంబరు, ఈ నాలుగూ ఇంకొకరి చేత పైకి చదివించుకోండి. తప్పు పడ్డాక మిమ్మల్ని మీరు తిట్టుకునే దానికన్నా ఇది తేలిక.

నిద్ర గురించి క్లుప్తంగా: ఎన్నింటికి పడుకున్నా లేచే టైము ఒకటే ఉంచండి. లేవగానే పది పదిహేను నిమిషాలు మేడ మీద వెలుతురులో తిరగండి. మధ్యాహ్నం మూడు దాటాక టీ, కాఫీ మానండి, వాటి ప్రభావం సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి ఫోను వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి. నాలుగింటికి మెలకువ వచ్చి నిద్ర పట్టకపోతే దొర్లకుండా లేచి కూర్చోండి. ఆ వేళలో వచ్చే ఆలోచనలు వెలుతురు వచ్చాక అంత నిజంగా అనిపించవు, అప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మరీ బరువుగా ఉంటే 14416 ఆ టైముకు కూడా పలుకుతుంది.

అమ్మ దిష్టి తీస్తే తీయించుకోండి. అది ఆమె ప్రేమ. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమెనే తోడు తీసుకెళ్లండి.

ఇక పిన్ని కూతురి కార్డు. ఆ ఒక్కటీ మీ నెత్తి మీద ఎంత బరువుగా కూర్చుందో ఉత్తరంలోనే తెలుస్తోంది. చుట్టాల పెళ్లి కార్డు అంటే వందమంది చూస్తారు, "మా అక్క చేసింది" అంటారు, అందుకే చెయ్యి అసలు కదలదు. ఇప్పుడు దాన్ని మీరు చేయొద్దు. షాపులో మరొకరికి అప్పగించండి, లేదా మంచి రెడీమేడ్ కార్డు ఒకటి ఎంచి మ్యాటరు మాత్రం సర్దండి. పెళ్లి నాటికి ఓపిక వస్తే తాంబూలం సంచి మీదకి ఆ హంస బొమ్మ ఇవ్వొచ్చు, రాకపోతే లేదు. ఈ సాయంత్రమే పిన్నికి ఫోన్ చేయండి. "పిన్నీ, నాకు ఒంట్లో బాలేదు, డాక్టరుకు చూపించుకుంటున్నా, కార్డు ఈసారి నేను చేయలేను" అనండి. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.